పద్మాక్షి గుట్ట ఎక్కుతున్నరా? ఒక్క దర్శనం చేసుకొని దిగకున్రి

హన్మకొండకు వచ్చినోళ్ళు వేయిస్తంభాల గుడి చూస్తరు, భద్రకాళి కాడ దండం పెట్టుకుంటరు, టైముంటే ఖిల్లా వరంగల్ పోయి తోరణాల ముంగట ఫొటోలు దిగి బస్సెక్కుతరు. మధ్యల పద్మాక్షి గుట్ట ఉంటది, దాని మీద పద్మాక్షి అమ్మవారి గుడి, అది వేయిస్తంభాల గుడికన్నా పాతది, చౌరస్తా నుంచి ఆటోల పోతే మస్తు దగ్గర, అయినా ఊరోళ్ళు తప్ప బయటోళ్ళు ఎక్కేది తక్కువ. ఎక్కినోళ్ళన్నా నిమ్మళంగ చూస్తరా అంటే అదీ లేదు, కొబ్బరికాయ కొట్టి, తీర్థం తీసుకొని, బొట్టు పెట్టుకొని, ఒక సెల్ఫీ దిగి కిందికి వచ్చేస్తరు. నా లెక్కల ఇక్కడ దర్శనం అయిదు నిమిషాల పని, గుట్ట చూసుడు గంట పని. కింది నుంచి పైదాకా ఒక వరుసల చూసుకుంట పోతే తొమ్మిది వందల ఏండ్ల ముచ్చట రాయి మీదనే కనబడతది. వరుస తప్పితే చిన్న గుడి, నాలుగు బండలు, కోతులు, గింతేనా అనిపిస్తది. అందుకే ఎట్ల పోవాలె, ఏది ముందు చూడాలె, ఏడ ఆగాలె అన్నది రాస్తున్న.

ముందు వచ్చుడు సంగతి. హైదరాబాద్ దిక్కు నుంచి రైల్ల వస్తే కాజీపేటల దిగినా వరంగల్‌ల దిగినా పెద్ద ఫరక్ లేదు, రెండు దిక్కుల నుంచి హన్మకొండకు బస్సులు, ఆటోలు దొరుకుతనే ఉంటయి. బస్సుల వస్తే హన్మకొండ బస్టాండ్‌లనే దిగున్రి, అది వదిలేసి వరంగల్ దాకా పోతే మళ్ళ ఎనకకు రావాలె. కరీంనగర్ నుంచి అయితే 70 కిలోమీటర్లు, పొద్దుగాల బయల్దేరితే టిఫిన్ టైముకు ఇక్కడుంటరు. ఆటో అన్నకు పద్మాక్షి గుట్ట అంటే చాలు. మ్యాపు పెట్టుకొని సొంత బండి మీద వచ్చేటోళ్ళు ఒకటి చూసుకోవాలె, ఆ చుట్టుపక్కల గుట్టలు ఇంకా ఉన్నయి, సిద్దేశ్వరుని గుడి, అగ్గలయ్య గుట్ట అన్నీ దగ్గర దగ్గరనే, మ్యాపు ఒక గుట్ట అనుకొని ఇంకో గుట్ట ఎనక గల్లీల నిలబెడితే ఫోన్ జేబుల పెట్టి ఎవరన్నా పెద్దమ్మను అడుగున్రి, సక్కగ చెప్తది.

టైము మాట మాత్రం గట్టిగ చెప్తున్న, పొద్దుగాలనే పోవాలె. ఇక్కడి గుట్టలన్నీ గ్రానైట్ బండలు, పది దాటితే కాక పడతది, ఎండకాలం అయితే చెప్పులు ఇడిచి ఆ బండ మీద నాలుగు అడుగులు వేసుడు కూడా శిక్షే, పిల్లలైతే ఏడుస్తరు. ఏప్రిల్, మే నెలల్ల వచ్చేటోళ్ళు ఎనిమిదిలోపు పైన ఉండేటట్టు చూసుకోన్రి. వానకాలం ఇంకో తీరు, బండ మీద పచ్చగ నాచు పట్టి జారుతది, మెట్లు వదిలి షార్ట్‌కట్ అని బండలు పట్టుకొని ఎక్కకున్రి. మధ్యాహ్నం మామూలుగ గుడి తలుపులు మూసే ఉంటయి, కాబట్టి పొద్దున వీలు కాకుంటే సాయంత్రం పూట పోవుడే. శుక్రవారం, నవరాత్రులు జనం ఎక్కువ. నిమ్మళంగ చూడాలె అనుకుంటే మామూలు సోమవారమో బుధవారమో చూసుకోన్రి, అయ్యగారికి కూడా మీతోని రెండు మాటలు మాట్లాడే తీరిక ఉంటది.

పూజ సామాన్లు పండుగ రోజుల్ల గుట్ట కిందనే దొరుకుతయి కానీ మామూలు రోజుల్ల ఆ భరోసా పెట్టుకోవద్దు, చౌరస్తా దిక్కు కొబ్బరికాయ, పూలు, అగర్బత్తి, కర్పూరం కొనుక్కొనే పోన్రి. ఇంట్ల ఆడోళ్ళు ఉంటే అమ్మవారికి ఒడిబియ్యం పోద్దామంటరు, దానికి ముందే తయారు కావాలె. బియ్యంల పసుపు, జర నూనె కలిపి, అండ్ల కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ పెట్టుకొని పోతరు, ఇవన్నీ ఇంట్లనే సర్దుకొని ఒక సంచిల కట్టుకుంటే పైన ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ కవర్ల పట్టుకపోతే కోతులకు పిలిచి ఇచ్చినట్టే. ఆ కోతులు కవర్ చప్పుడు వింటే చాలు, అందుల ఏముందో చూడనే చూడవు, గుంజుకొని పోతయి. మూత ఉన్న బుట్టనో, జిప్పున్న బ్యాగో తెచ్చుకోన్రి, అరటిపండ్లు చేతుల పట్టుకొని ఎక్కుడు బంజెయ్యిన్రి. కోతిని చూసి ఉరకొద్దు, కండ్లల్ల కండ్లు పెట్టి చూడొద్దు, పళ్ళు ఇకిలించి నవ్వొద్దు, అది లొల్లికి వస్తున్నరని అనుకుంటది. చేతుల కట్టె ఒకటి ఉంటే చాలు, కొట్టే పని ఉండదు.

ఇగ గుట్ట కాడికి పోయినంక సీదా మెట్ల దిక్కు పోకున్రి. ముందు కింద ఉన్న గుండం చూడాలె. పద్మాక్షి గుండం అంటే మామూలు రోజు ఎవ్వరూ అటు తిరిగి చూడరు, కానీ బతుకమ్మ టైముల ఊరు ఊరంతా ఈడనే ఉంటది, ఆ ముచ్చట కిందికి దిగినంక చెప్త. ఇప్పుడైతే గట్టు మీద నిలబడి పైకి చూడున్రి, నీళ్ళు, నీళ్ళ ఎనక బండలు, బండల మీద గుడి. కాకతీయుల కాలం నాటి కట్టడాలు చూసినోళ్ళకు ఎరుకే, గుడి, చెరువు వేరు వేరుగ ఉండవు. రామప్ప గుడి కాడ రామప్ప చెరువు ఉన్నది, పాకాల, లక్నవరం చెరువులు కూడా ఆ కాలం నాటియే. ఇది వాటి ముంగట చిన్నదే, కానీ అదే పోకడ.

మెట్లు ఎక్కుడు కష్టమేం కాదు. యాదగిరిగుట్ట, తిరుపతి లెక్క ఊహించుకొని భయపడకున్రి, మామూలుగ నడిచేటోళ్ళు మధ్యల ఒకసారి ఆగి ఎక్కుతరు. అయితే ఆగినప్పుడు ఫోన్ చూడకుండ పక్కన బండలు చూడున్రి, కొన్ని బండలు ఎవరో తెచ్చి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటయి. ఎవ్వరూ పేర్చలే, భూమి లోపట గట్టిపడ్డ రాయి పగుళ్ళు వారి, వానకు, గాలికి చుట్టూ ఉన్నది కరిగిపోయి, నడుమ గట్టి గుండ్లు మిగిలినయి. ఓరుగల్లు చుట్టూ గుట్టలన్నీ ఇట్లనే ఉంటయి, కాజీపేట పక్కన మడికొండల మెట్టుగుట్ట మీద ఇట్లాంటి రాళ్ళు రెండు స్తంభాల లెక్క నిలబడి ఉంటయి, అవి చూస్తే నమ్మబుద్ధి కాదు.

పైకి ఎక్కినంక అందరూ చేసేది ఏందంటే చెప్పులు ఇడిచి సీదా లోపటికి పోవుడు. మీరు జర ఆగాలె. గుడి ముంగట నల్లరాయి స్తంభం ఒకటి ఉంటది, నాలుగు మొగాల స్తంభం, చాలామంది దాన్ని ధ్వజస్తంభం లెక్కనో, దీపం పెట్టే రాయి లెక్కనో అనుకొని దాటిపోతరు. ఈ గుట్టకు ఆధార్ కార్డు అదే. దాని మీద రాసి ఉన్నది 1117ల రాసిన శాసనం, హేవిళంబి సంవత్సరం. అప్పటికి వేయిస్తంభాల గుడి లేదు, అది 1163ల రుద్రదేవుడు కట్టించిండు. ఖిల్లా వరంగల్ రాజధాని కాలే, కాకతీయులు ఇంకా హన్మకొండల ఉండి కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుని కింద సామంతులుగ ఉన్నరు. రాజు రెండో ప్రోలరాజు, అంటే రుద్రదేవుని తండ్రి, రుద్రమదేవికి ముత్తాత. ఆయన మంత్రి బేతన, ఆ బేతన భార్య మైలమ. ఈ మైలమ గుట్ట మీద ఒక జైన బసది, అంటే జైనుల గుడి, కట్టించింది, కడలాలయ బసది అని దాని పేరు, దానికి భూమి కూడా ఇచ్చింది. ఉగ్రవాడి మేళరసుడు అనే ఇంకో సామంతుడు కూడా భూమి ఇచ్చినట్టు అండ్లనే ఉన్నది, ఆయన మాధవవర్మ వంశంవాడినని, ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, కోట్ల గుర్రాలు ఉండెనని గొప్పగ చెప్పుకున్నడు. ఏనుగుల లెక్క నమ్మాల్నా వద్దా అన్నది మీ ఇష్టం, శాసనాలల్ల ఇట్లాంటి బడాయి మామూలే.

స్తంభం ఎట్ల చూడాలెనో చెప్త, ఇదే అసలు పని. ముందు పైభాగం చూడున్రి, నాలుగు దిక్కులా జైన తీర్థంకరుల, అంటే జైనులు కొలిచే గురువుల, బొమ్మలు ఉంటయి, ఒంటి మీద బట్టలు లేకుండ, పక్కన చామరాలు పట్టుకున్నోళ్ళు. తర్వాత అక్షరాల కాడికి రావాలె. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు చూస్తే అక్షరం కనబడదు, రాయి అంతా ఒక్కటే నలుపు. పొద్దుగాల ఎండ ఏటవాలుగ పడ్డప్పుడు చూడాలె, నీడ గీతల్ల కూసుంటది, అక్షరం లేచి వస్తది. ఎండ లేకుంటే ఫోన్ టార్చి వేసి, మొగం మీద కొట్టకుండ పక్క నుంచి రాయికి ఆనించినట్టు పట్టున్రి, గదే పని అయితది. భాష ఎక్కువ కన్నడమే, చాళుక్యుల కాలం కదా, లిపి మాత్రం అప్పట్ల తెలుగుకు కన్నడకు ఒక్కటే, ఓపికగ చూస్తే అక్కడక్కడ ర, న, మ లాంటి గుండ్రటి అక్షరాలు మీరే పోల్చుకుంటరు. మా పిల్లలకైతే ఇదొక ఆట, ఎవరు ఎక్కువ అక్షరాలు పడితే వాళ్ళు గెలిచినట్టు.

అయితే జర మీ చేతులు కాబూల పెట్టుకోన్రి. అక్షరాలు బాగ కనబడాలె అని కొందరు సుద్దముక్క రుద్దుతరు, కొందరు పిండి చల్లుతరు, భక్తి ఎక్కువై కొందరు పసుపు నూనె పూస్తరు, మూడూ రాయిని పాడు చేస్తయి. నూనె పట్టిన కాడ దుమ్ము పేరుకొని గట్టి పెంకు కడతది, దాన్ని గీకితే అక్షరం అంచు కూడా ఊడి వస్తది. పసుపు పెట్టాలనిపిస్తే అమ్మవారికి పెట్టున్రి, గడపకు పెట్టున్రి, ఈ స్తంభానికి ఒద్దు. ఆ కాలపు దాన శాసనాలల్ల చివర ఒక శాపం రాసేటోళ్ళు, ఇచ్చిన భూమి గుంజుకున్నోడు అరవై వేల ఏండ్లు పెంటల పురుగై పుడతడని. భూమి సంగతి అట్లుంచి, రాత చెరిపేటోళ్ళకు కూడా ఒక శాపం పెడితే బాగుండు అనిపిస్తది నాకు.

ఇప్పుడు లోపటికి పోవచ్చు. దర్శనం మామూలే, అర్చన చేయించేది ఉంటే పేర్లు, గోత్రం చెప్పున్రి, తీర్థం తీసుకోన్రి. అమ్మవారి మీద పూలు, చీర, పసుపు కుంకుమ ఉంటయి కాబట్టి తొందరల చూస్తే ఎనక ఏమున్నదో తెల్వదు. గుట్ట రాయి మీదనే చెక్కిన జైన బొమ్మలు ఉంటయి, పార్శ్వనాథుడు అనే తీర్థంకరుడు, ఆయనతోని ధరణేంద్రుడు అనే యక్షుడు, పద్మావతి అనే యక్షిణి. పార్శ్వనాథుని పోల్చుకునుడు అల్కగనే ఉంటది, తల మీద పాము పడగలు పట్టి ఉంటది. జైనుల కథల ధరణేంద్రుడు, పద్మావతి ఇద్దరూ ఆయన్ని కాపాడిన నాగదేవతలు, అందుకే ముగ్గురు ఒక్క తానే ఉంటరు. జనం తక్కువ ఉన్న రోజు అయ్యగారిని మంచిగ అడిగితే దీపం జర జరిపి చూపిస్తరు కావచ్చు, అది ఆయన ఇష్టం, పట్టు పట్టొద్దు. ఫొటో తీసేముందు అడగాలె, వద్దంటే వద్దు. ఫ్లాష్ అయితే అడగనే అడగొద్దు.

తీర్థంకరుల బొమ్మలు చూసి పిల్లలు కిసకిస నవ్వుతరు, పెద్దోళ్ళు సిగ్గుపడి గుంజుకపోతరు. రెండూ అవసరం లేదు. దిగంబర జైనుల బొమ్మలు గట్లనే ఉంటయి, చేతులు రెండూ సక్కగ కిందికి వదిలి నిలబడి ఉంటే దాన్ని కాయోత్సర్గం అంటరు, ఒంటి మీద ధ్యాస వదులుకొని నిలబడుడు అన్నట్టు. ఎవరు ఏ తీర్థంకరుడో గుర్తుపట్టాలంటే పీఠం మీద చిన్న గుర్తు చూడాలె, సింహం ఉంటే మహావీరుడు, జింక ఉంటే శాంతినాథుడు, పాము ఉంటే పార్శ్వనాథుడు. గీ మూడు యాదికి పెట్టుకుంటే కొలనుపాక జైన గుడికి పోయినా పనికొస్తయి.

ఇక్కడ ఒక లొల్లి గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే గుడి ఫొటో పెడితే చాలు కింద మొదలైతది, ఇది మాది, కాదు మాది, ఫలానా వాళ్ళు గుంజుకున్నరు అని. స్తంభం మీద ఉన్నది స్పష్టం, 1117ల ఇది జైన బసది, దాంట్ల దాచేది ఏం లేదు. ఇప్పుడు పద్మాక్షి అమ్మవారి గుడి, అది కూడా అంతే స్పష్టం. ఆ మధ్యల ఎప్పుడు ఎట్ల మారింది అన్నది కథలు కథలుగ చెప్తరు, నాకైతే ఆ కథలకన్నా కండ్ల ముంగట ఉన్నదే నచ్చుతది. తీర్థంకరుల బొమ్మలు ఎవ్వరూ పగలగొట్టలే, అమ్మవారి పక్కన గట్లనే ఉన్నయి, అదే దీపం వాటి మీద కూడా పడుతున్నది. జైనులు కూడా వస్తరు, దండం పెట్టుకుంటరు. కాబట్టి గుట్ట మీద నిలబడి ఎవ్వరితోని వాదం పెట్టుకోకున్రి, అయ్యగారిని ఇరికించే ప్రశ్నలు అడగకున్రి.

దర్శనం అయినంక గుడి చుట్టూ తిరుగున్రి, బండ అంచుకు పోకుండ. కింద గుండం, అవతల ఊరు కనబడతది. సాయంత్రం పూట వచ్చినోళ్ళు పొద్దుగూకే దాకా కూసుంటరు, కూసోన్రి, కానీ సీకటి పడేటట్టు చేసుకోకున్రి, దిగేటప్పుడే మోకాళ్ళ మీద బరువు, మెట్టు కనబడకుంటే ఇంకా కష్టం.

బతుకమ్మ టైముల రావాలనుకుంటే ఇది వేరే లెక్క. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, ఆ రోజు వేయిస్తంభాల గుడి కాడ కాలు పెట్ట సందు ఉండదు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ, ఆ రోజు పద్మాక్షి గుండం చూడాలె. గునుగు, తంగేడు, బంతి, చామంతి, కట్ల పూలు తాంబాలంల వలయాలు వలయాలుగ పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, నెత్తి మీద పెట్టుకొని ఆడోళ్ళు నాలుగు దిక్కుల నుంచి నడిచి వస్తరు. గునుగుకు రంగు అద్దుతరు, తెల్లది తెల్లగనే ఒక వరుస, ఎర్రది ఒక వరుస. కొన్ని బతుకమ్మలు ఇద్దరు పట్టుకుంటే గాని లేవయి. నడుమ పెట్టి చుట్టూ తిరుగుకుంట ఆడతరు, చప్పట్లు, పాట, చీకటి పడ్డంక గుండంల వదులుతరు. తర్వాత గట్టు మీదనే కూసొని సద్దులు పంచుకుంటరు, పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద ముద్దలు, సత్తుపిండి. పక్కన ఎవరో తెల్వకున్నా మీ చేతుల ఒక ముద్ద పెడతరు, వద్దనొద్దు.

ఆ రోజు వచ్చేటోళ్ళకు నాలుగు మాటలు. బండి గుండం దాకా రాదు, పోలీసోళ్ళు దూరంలనే ఆపుతరు, కాబట్టి దూరంగనే పెట్టి నడవాలె, మధ్యాహ్నమే వచ్చి దగ్గర పెట్టుకుందాం అనుకుంటే రాత్రి బయటికి తీసేటప్పుడు ఏడుస్తరు. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఇంటోళ్ళు విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోన్రి, చిన్న పిల్లల జేబుల ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టున్రి. బంగారం తక్కువ వేసుకోన్రి. నీళ్ళల్ల బతుకమ్మ వదిలేటప్పుడు చివరి మెట్టు దాకా అందరూ దిగకున్రి, తడిసిన మెట్టు మీద పూలు పడి మస్తు జారుతది. మొగోళ్ళు జర దూరం నిలబడి చూసుడు మర్యాద, ఆడేటోళ్ళ మధ్యలకు ఫోన్ పట్టుకొని దూరి వీడియో తీసుడు పద్ధతి కాదు. ఆ రోజు గుట్ట పైకి ఎక్కి స్తంభం చూద్దాం అనుకోకున్రి, కాదు. దానికి ఇంకో రోజు రావాలె. 1117ల గుట్ట మీద బసది కట్టించింది ఒక ఆడామె, ఇప్పుడు గుట్ట కింద ఊరు మొత్తం కూడేది ఆడోళ్ళ పండుగకు. ఇది ఎవ్వరూ కావాలని చేసింది కాదు కానీ ఒక రోజు స్తంభం, ఒక రోజు బతుకమ్మ, రెండూ చూసినోళ్ళకే తడుతది.

పెద్దోళ్ళతోని వచ్చేటోళ్ళకు ఒక మాట. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మను బలవంతంగ ఎక్కించకున్రి, ఆమె ఎక్కుతనంటే తొందర పెట్టకుండ పక్కన నడవున్రి, దిగేటప్పుడు మీరు ఒక మెట్టు కింద ఉండాలె, ఎనక కాదు. బీపీ గోలీలు వేసుకునేటోళ్ళు టిఫిన్ చేయకుండ ఉపాసంతోని ఎక్కుడు మంచిది కాదు, అమ్మవారు ఏమనుకోదు. నీళ్ళ బాటిల్ ఒకటి ఎక్కువ పట్టుకోన్రి, ఖాళీ బాటిల్ మళ్ళ మీతోనే కిందికి తెచ్చుకోన్రి.

జైన బొమ్మలు చూసి ఇంకా చూడాలనిపిస్తే దగ్గరనే అగ్గలయ్య గుట్ట ఉన్నది. అక్కడ బండకు చెక్కిన శాంతినాథుడు ముప్పై అడుగుల దాకా ఉంటడు, కింద నిలబడితే మెడ నొస్తది. అగ్గలయ్య అంటే జైన వైద్యుడు, శస్త్రచికిత్సల పేరున్నోడు, పాత నల్గొండ జిల్లా సైదాపురం కాడ 1034 నాటి శాసనంల ఆయన గురించి ఉన్నది. వెయ్యేండ్ల కింది డాక్టర్ పేరు మీద గుట్ట ఉన్నదంటే మా ఊరి డాక్టర్లకు కూడా తెల్వదు. సిద్దేశ్వరుని గుడి కూడా చూసుకోన్రి, పాత శివాలయం, శివరాత్రికి తప్ప నిమ్మళంగ ఉంటది.

ఇవి అయ్యేసరికి పది, పదకొండు అయితది. అప్పుడు వేయిస్తంభాల గుడికి పోన్రి, ఎండల కూడా లోపట సల్లగ ఉంటది. అక్కడి కళ్యాణ మంటపం 2006ల విప్పి పెట్టిన్రు, ఏండ్లకేండ్లు రాళ్ళు కుప్పగ పడి ఉండె, 2024 మార్చిల మళ్ళ తెరిచిన్రు, పాతయి చూసినోళ్ళు కూడా మళ్ళొకసారి చూడాలె. అన్నం తిని జర నడుం వాల్చి, సాయంత్రం భద్రకాళి. సర్వపిండి ఎక్కడన్నా వేడివేడిగ కనబడితే వదలకున్రి, సల్లారితే గట్టిగ అయి పళ్ళకు పని చెప్తది.

గుట్ట మీది గుళ్ళు ఇంకా చూడాలె అనేటోళ్ళు జనగామ జిల్లా పాలకుర్తికి పోవచ్చు, సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహస్వామి గుట్ట గుహలల్ల ఉంటరు, పాల్కురికి సోమనాథుని ఊరు అది. ఆడ ప్రదక్షిణ తొవ్వ రెండు బండల నడుమ సందుల నుంచి పోతది, ముసలి భక్తురాలు ఒకామె గుట్ట చుట్టూ తిరగలేకపోతే దేవుడు గుట్టను చీల్చి తొవ్వ ఇచ్చిండని చెప్తరు. లావుగ ఉన్నోళ్ళు పక్కకు తిరిగి పోవాలె, సిగ్గేం లేదు అందరూ గట్లనే పోతరు.

పూర్తి రోజు పెట్టుకుంటే ములుగు జిల్లా మంగపేట మండలంల మల్లూరు హేమాచల నరసింహస్వామి. ఏటూరునాగారం దాటి పోవాలె, అడవి తొవ్వ. స్వామి విగ్రహం మనిషి ఒంటి లెక్క మెత్తగ ఉంటదని చెప్తరు, నాభి కాడి చందనం ప్రసాదంగ ఇస్తరు, పిల్లలు కావాలని మొక్కుకునేటోళ్ళు దానికోసమే వస్తరు. గుట్ట కాడ చింతామణి జలధార అని ఊట ఉన్నది, జనం బాటిళ్ళల్ల పట్టుకపోతరు, మీరు ఖాళీ బాటిళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోన్రి. నరసింహ జయంతి దిక్కు, వైశాఖంల బ్రహ్మోత్సవాలు, అప్పుడు జనం మస్తుంటరు, మామూలు రోజు కోతులే ఎక్కువ. పోయేటప్పుడు రామప్పకు తిరగకున్రి, ముందు మల్లూరు చేరున్రి, వచ్చేటప్పుడు టైముంటే రామప్ప. మల్లూరుల మాత్రం ఎండ ఉండంగనే గుట్ట దిగాలె, తాడ్వాయి అడవి దాటేసరికి సీకటి పడొద్దు, మధ్యల పెట్రోల్ బంకులు తక్కువ కాబట్టి ములుగులనే ట్యాంకు నింపుకొని పోన్రి.